మణిగాడి ఆరున్నర మాత్ర

మొన్న దీపావళికి వారం ముందు మన క్లాసులోనే ఇద్దరు నన్ను అడిగారు. "మీ మణికి వేసే మాత్ర ఒకటి ఇవ్వవే, టపాసులకి మావాడు వణికిపోతాడు, ఆ ఒక్క రాత్రి నిద్రపోతే చాలు" అని ఒకామె. ఇంకొకామెది పిల్లి. ఇద్దరికీ ఇవ్వనన్నాను. కుక్క ఉన్నామె నవ్వి ఊరుకుంది. పిల్లి ఉన్నామె మాత్రం "ఒక్క మాత్రకి ఇంత పిసినారితనమా" అని ఇప్పటికీ ముఖం తిప్పుకునే పోతోంది. వరండాలో నిలబడి రెండు నిమిషాల్లో చెప్పి ఒప్పించే సంగతి కాదు ఇది. అందుకే మేడంని అడిగి మన గోడపత్రికలో ఈ చోటు తీసుకున్నాను.

మా ఇల్లు చూళైలో. మణి నాటు కుక్క, గోధుమరంగు, ఒక చెవి ఎప్పుడూ వంగే ఉంటుంది. వాడికి రెండేళ్లప్పుడు, 2023 జులైలో ఒక తెల్లవారుజామున మొదటిసారి పడిపోయాడు. నాలుగు కాళ్లూ కర్రల్లా బిగుసుకుపోయి, తర్వాత ఈత కొడుతున్నట్టు కొట్టుకున్నాయి. నోట్లో నురగ. పడుకున్నచోటే తడిపేశాడు. పక్కింటి పాటి పరుగెత్తుకొచ్చి "వలిప్పు, వలిప్పు, చేతిలో ఇనుము పెట్టండి" అంది. మా అవ్వ తాళంచెవుల గుత్తి పట్టుకుని "కుక్కకి చెయ్యి ఏదే?" అని నన్నే అడిగింది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. ఇనుము వల్ల మనుషులకీ ఏమీ జరగదు, అది వేరే మాట. మూడు వారాలకి ఇంకోసారి, ఆ తర్వాత పది రోజులకి మరోసారి వచ్చింది. అప్పుడు ఫోన్లో వీడియో తీశాను. ఆ వీడియోనే తర్వాత అన్నిటికన్నా పనికొచ్చింది.

మాకు వేపేరి దగ్గర కావడం అదృష్టం. 1903లో పెట్టిన మద్రాసు వెటర్నరీ కాలేజీ అక్కడే ఉంది, దాని ఆసుపత్రికి నడిచి పోవచ్చు. డాక్టరమ్మ వీడియో చూసి, ఎంతసేపు వచ్చింది, ఎన్ని రోజులకోసారి, ఏదైనా విషం తిన్నాడా అని వరసగా అడిగింది. కాలేయం, చక్కెర, కాల్షియం ఎలా ఉన్నాయో ముందు రక్తంలో చూసింది. మందు ఆ తర్వాతే రాసింది. పేరు ఫినోబార్బిటోన్. షాపులో గార్డినాల్ అంటే తెలుస్తుంది. అప్పుడు మణి బరువు 14 కిలోలు. 30 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. కుక్కకి మామూలుగా కిలోకి రెండు మూడు మిల్లీగ్రాములతో, రోజుకి రెండుసార్లు మొదలుపెడతారట. ఈ లెక్క చదివి ఎవరూ ఇంట్లో సొంతంగా వేయకండి. కాలేయం బాగాలేని జంతువుకి ఇదే మందు కీడు చేస్తుంది, రక్తం చూడకుండా ఆ సంగతి తెలియదు.

ఇక్కడ మన శాఖవాళ్లం కాబట్టి ఒక మాట గురించి చెప్పాలి. డాక్టరమ్మ దాన్ని తమిళంలో చెప్పింది, నేను ఇంట్లో "కొంచెం మత్తుగా ఉంటుందట" అన్నాను. అంతే, నాయన పట్టుకున్నాడు. "మత్తుమందా? కుక్కకి మత్తుమందు అలవాటు చేస్తారా?" తెలుగులో మత్తు అనే ఒక్క మాటలో ఆపరేషనుకి ఇచ్చేది, తాగుబోతుకి ఎక్కేది, నిద్రమాత్ర, దొంగతనంగా అమ్మేది అన్నీ ఇరుక్కుని ఉన్నాయి. ఈ మందు చరిత్రలో కూడా ఆ కలగాపులగం ఉంది. 1912లో దీన్ని లూమినాల్ పేరుతో నిద్రమందుగానే అమ్మారు. అదే ఏడు ఆల్‌ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అనే జర్మన్ డాక్టరు మూర్ఛరోగులకి నిద్ర కోసం ఇస్తే, నిద్రతోపాటు మూర్ఛలూ తగ్గడం గమనించాడు. నూరేళ్లు దాటినా మనుషులకీ, కుక్కలకీ, పిల్లులకీ అదే వాడుతున్నారు. మణికి అది నిద్ర కోసం కాదు. వాడి మెదడులో ఒక్కసారిగా రేగే అలజడిని అణిచిపెట్టడానికి.

అణిచిపెట్టాలంటే అది రక్తంలో ఒక మట్టంలో నిలబడి ఉండాలి. ఒక్క మాత్రతో ఆ మట్టం రాదు. రోజూ వేస్తూపోతే దాదాపు రెండు వారాలకి కుదురుకుంటుంది. ఆ రెండు వారాలూ మా ఇంట్లో నరకం. మణి తాగినవాడిలా తూలేవాడు, వెనక కాళ్లు ఒకదానికొకటి తగిలి పడేవాడు, పిలిస్తే తల ఎత్తడానికి కూడా బరువే. అవ్వ ఏడ్చింది. "మూర్ఛ నెలకోసారి, ఇది రోజూనా" అని నాయన. ఇలా ఉంటుందని, పోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి ఓపిక పట్టాం. పదమూడో రోజు పాలవాడి సైకిలు వెంట మొరుగుతూ పరుగెత్తాడు. వీధివీధంతా చూసింది.

నిద్ర పోయింది, ఆకలి వచ్చింది. ఈ మందుతో ఆకలి, దప్పిక, ఒంటికి పోవడం మూడూ పెరుగుతాయి. మేడమీద అవ్వ ఎండబెట్టిన గుమ్మడికాయ వడియాలు గుడ్డతో సహా నమిలేశాడు. కుండెడు నీళ్లు తాగి మెట్లమీద పోసేవాడు. ఇంటివాళ్లు పైనే ఉంటారు. "కుక్కో, ఇల్లో, ఏదో ఒకటి తేల్చుకోండి" అన్నారు. అద్దెకున్నవాళ్లకి ఆ మాట ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. నాయన ఆ రాత్రే తేల్చేశాడు: "రెండు నెలలుగా మూర్ఛ రాలేదు కదా, నయమైపోయింది. రేపటినుంచి మాత్ర వద్దు."

నేను వాదించలేదు. రక్తపరీక్షకి పోవలసిన రోజు దగ్గరపడింది, ఈసారి నువ్వే రా నాయనా అన్నాను. అక్కడ వరసలో మా ముందు ఒకామె తువ్వాలులో చుట్టిన చిన్న తెల్ల కుక్కని గుండెకి అదుముకుని నిలబడింది. అది కొట్టుకుంటూనే ఉంది, కాసేపు ఆగి మళ్లీ. నాలుగు నెలలు రాలేదని ఐదు రోజుల కింద మాత్రలు ఒక్కసారిగా ఆపేశారట. జనం పక్కకి తప్పుకుని ఆమెని లోపలికి పంపేశారు. ఆ తర్వాత ఏమైందో మాకు తెలియదు. తిరిగి నడిచి వస్తుంటే నాయన డౌటన్ దగ్గర ఆగి, "రాత్రి పదికి ఒకసారి నేను బయటికి తీసుకుపోతాలే" అన్నాడు. అప్పటినుంచి పోతున్నాడు. మెట్లు పొడిగా ఉన్నాయి, ఇల్లు నిలిచింది.

అలవాటుపడిన మెదడు నుంచి ఈ మందుని హఠాత్తుగా లాగేస్తే అణిగి ఉన్నదంతా ఒక్కసారే పైకి లేస్తుంది. మానాలన్నా చాలా కాలం మూర్ఛ లేకుండా గడిచాక, డాక్టరు చెప్పినట్టు నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. అందుకే మా ఇంట్లో ఎప్పుడూ పది రోజుల మాత్రలు అదనంగా ఉంటాయి. 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానుకి మా వీధిలో మోకాళ్లలోతు నీళ్లు, షాపులన్నీ మూత. మణి మాత్ర మాత్రం ఒక్కపూట తప్పలేదు.

ఆ పూట తప్పకపోవడం అవ్వ పని. పొద్దున ఆరున్నర, సాయంత్రం ఆరున్నర. అవ్వ గడియారం చూడదు. పొద్దున పాలు కాగబెట్టేటప్పుడు, సాయంత్రం దీపం పెట్టేటప్పుడు. పన్నెండు గంటల ఎడం దానంతటదే కుదిరింది. మాత్రని ఇడ్లీ ముద్దలో పెట్టి ముందు ఉత్త ముద్ద ఒకటి, తర్వాత మాత్రది, వెంటనే ఇంకో ఉత్తది. మణి మూడోదాని ఆత్రంలో రెండోదాన్ని నమలకుండా మింగేస్తాడు. డబ్బామీద ఇంగ్లీషు అవ్వకి రాదు, కాబట్టి నేను తెలుగులో పట్టీ రాసి గోడకి అంటించాను. వేసినప్పుడల్లా బొగ్గుతో ఒక గీత గీస్తుంది. గీత లేకపోతే వేయలేదని లెక్క, ఇద్దరం రెండుసార్లు వేసే ప్రమాదం లేదు. ఎప్పుడైనా ఆలస్యమైతే గుర్తొచ్చిన వెంటనే వేయాలి, అంతేగాని తర్వాతి పూట రెండు కలిపి వేయకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అవ్వ బీపీ మాత్రలూ తెల్లవే, ఇవీ తెల్లవే. అందుకని మణివి ఎర్రదారం కట్టిన సీసాలో, మా తమ్ముడికి అందని పై అరలో ఉంటాయి. ఎక్కువైతే స్పృహ తప్పి ఊపిరి మందగిస్తుంది, కుక్కకైనా పిల్లాడికైనా.

రక్తపరీక్ష గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఎగ్గొట్టేది అదే. మందు ఎంత వేశామన్నది కాదు, రక్తంలో ఎంత నిలిచిందన్నది లెక్క. మణికి మొదటిసారి తక్కువ చూపించింది, పూటకి ఒకటిన్నర మాత్ర చేశారు. కాలేయం అలవాటుపడి ఈ మందుని త్వరత్వరగా కరిగించడం నేర్చుకుంటుంది, కాబట్టి సరిపోయిన మోతాదే కొన్నాళ్లకి చాలకపోవచ్చు. ఎక్కువైనా కష్టమే. మిల్లీలీటరుకి 35 మైక్రోగ్రాములు దాటితే కాలేయానికి దెబ్బ తగిలే భయం పెరుగుతుంది. ఆరునెలలకోసారి చూపిస్తున్నాం. తిండి మానేయడం, వాంతులు, కళ్లు పచ్చబడటం, చిగుళ్లు పాలిపోవడం కనబడితే పరీక్ష తేదీ దాకా ఆగకూడదు. వేరే ఏ మందు రాసినా, ఇది వాడుతున్నట్టు ఆ డాక్టరుకి చెప్పాలి. ఒకదాని పనిని ఒకటి మార్చేస్తాయి.

మూర్ఛ వచ్చిన క్షణంలో మాత్ర, నీళ్లు, చెయ్యి, ఏదీ నోట్లో పెట్టకూడదు. చుట్టూ ఉన్న వస్తువులు జరిపి, దీపం తగ్గించి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో మళ్లీ మళ్లీ వచ్చినా ఆటో ఎక్కడమే.

ఇక ముఖం తిప్పుకుని పోయే నా స్నేహితురాలికి. మీ పిల్లి మూడు కిలోలు ఉంటుందేమో. ఇప్పుడు మణి ఒక పూటకి వేసుకునేది 45 మిల్లీగ్రాములు. అంత పిల్లికి మూర్ఛే ఉంటే, డాక్టరు మొదలుపెట్టే మోతాదు దాదాపు ఏడెనిమిది మిల్లీగ్రాములు. అంటే మణి పూట మోతాదు దానికి ఐదారు రెట్లు. మీ ఇంట్లో పెద్దవాళ్లు నిద్రకి వేసుకునే డయాజిపామ్ ఉందిగా, అది వేస్తానన్నావు. ఆ మాత్ర నోటి ద్వారా తీసుకున్న కొన్ని పిల్లులకి కొద్దిరోజుల్లోనే కాలేయం పాడై చచ్చిపోయాయి. జ్వరానికి మనం మింగే పారాసిటమాల్ పిల్లికి నేరుగా విషమే. టపాసుల భయానికి వేరే మందులున్నాయి, నాలుగు రోజులు ముందుగా పోతే డాక్టరు చూసి ఇస్తారు. నేనిచ్చే ముక్కతో దాని కాళ్లు తేలిపోతాయి గాని చెవులు మూసుకుపోవు. వినబడుతూనే ఉంటుంది, పారిపోలేదు.

మణికి వచ్చే శుక్రవారం మళ్లీ రక్తం తీస్తారు. మధ్యాహ్నం క్లాసు లేదు కాబట్టి నేనూ పోతున్నాను. నీ పిల్లిని బుట్టలో పెట్టుకుని వస్తే వరసలో నా పక్కన చోటు పడతాను.