మోయాబు దగ్గర రెండు రాత్రులు

2023 జూలైలో మేము తమ్ముడి కుటుంబంతో కలిసి చిన్న క్యాంపింగు ట్రైలరులో అమెరికాలోని యూటా రాష్ట్రానికి వెళ్లాము. మోయాబు పట్టణం దగ్గర, కొలరాడో నది ఒడ్డున బస. 40 డిగ్రీల ఎండలో పైకప్పు ఫ్యాను కాలిపోయింది. లోపల పిల్లలు ఉక్కతో అల్లాడిపోయారు.

కొత్త ఫ్యాను కొని తెచ్చాము. బ్యాటరీ తీగ విడదీసి, పాతది ఊడదీస్తే 14 అంగుళాల చదరపు కంత. అంచుకు బ్యూటైల్ టేపు పరచి, 12 వోల్టుల తీగలు కలిపి, మరలు బిగించి, పైన సీలెంటు పూశాము. చీకటి పడుతోందని ఒక్క మూల పాత జిగురు గీకకుండా వదిలేశాము. అర్ధరాత్రి వాన ఆ మూలనుండే పాప పక్కమీద కారింది.

ఉదయం అంతా విప్పి, శుభ్రంగా గీకి, మళ్లీ బిగించాము. ఆ రాత్రి కిటికీ కొద్దిగా తెరచి ఫ్యాను వేస్తే, వేడిగాలి పైకి పోయి నది చల్లదనం లోపలికి వచ్చింది. పాప హాయిగా నిద్రపోయింది. ప్రియ చదువరులారా, మనం వదిలేసిన మూలను వాన మరచిపోదు.