నల్గొండ టెక్నిక్ నల్గొండలో ఎందుకు నిలవలేదు?

ఇథియోపియా, టాంజానియాల్లో తాగునీటి మీద పనిచేసే ఇంజినీర్లకు మన నల్గొండ పేరు బాగా తెలుసు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు. నాగ్‌పూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు 1970ల్లో దాన్ని తయారుచేశారు. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్, ఒక బకెట్ ఉంటే చాలు. ఇంట్లో చేసుకోవడానికి కరెంటు కూడా అక్కర్లేదు.

మరి ఇంత తేలికైన ఉపాయం దొరికాక కూడా ఆ జిల్లాలో జనం కాళ్లు, నడుములు ఎందుకు వంగిపోయాయి? ఆ ప్రశ్న పట్టుకునే పోయిన నెల ఒక శనివారం ఫ్రెండ్‌తో కలిసి బైక్ మీద మర్రిగూడ వైపు బయల్దేరాను.

రాళ్ల మధ్య దారి

ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు ఎక్కి ఇబ్రహీంపట్నం, యాచారం దాటితే మాల్ వస్తుంది. అక్కడ చాయ్ తాగి మర్రిగూడ దారి పట్టాం. పత్తి చేలు, మధ్యలో బత్తాయి తోటలు, వాటి వెనక బండలు పేర్చినట్టు గుట్టలు. ఫోటోలకు భలే ఉంటుంది. అసలు కథ కూడా ఆ బండల్లోనే ఉంది.

ఇక్కడి గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. భూమిలో నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలిచి ఫ్లోరైడ్‌ని కరిగించుకుంటాయి. రంగు ఉండదు, వాసన ఉండదు. తాగితే మామూలు నీళ్లే.

మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. అది దాటిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగితే పళ్ల మీద గోధుమ రంగు చారలొస్తాయి. మోతాదు ఇంకా పెరిగి ఏళ్లు గడిస్తే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి.

విచిత్రం ఏంటంటే, ఈ జిల్లా అంచునే కృష్ణా నది పారుతుంది. నాగార్జునసాగర్ ఉన్నదీ ఇక్కడే. కానీ మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు నేల ఎత్తు. సాగర్ కాలువ పల్లానికి పోయింది, ఈ ఊళ్లకు బోరే దిక్కైంది.

కాగితం మీద ఎప్పుడో దొరికింది

మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి పరిశోధన పత్రం 1937లో వచ్చింది. అదీ తెలుగు నేల నుంచే, అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. 1955లో నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పేపర్ వచ్చింది. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటూ, పాదాలు దూరం జరిగిపోయే జబ్బు గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్‌లో రాశారు. 1975కల్లా నల్గొండ టెక్నిక్ వివరాలు కూడా అచ్చయ్యాయి.

అంటే జబ్బేంటో, కారణమేంటో, ఉపాయమేంటో మా నాన్న పదో తరగతి పూర్తి చేయకముందే తెలుసు!

మర్రిగూడ మండలంలో ఒక ఊళ్లో వేపచెట్టు కింద కూర్చున్న పెద్దాయన దగ్గర ఆగాం. పలకరిస్తే మా వైపు చూడ్డానికి మనిషి మొత్తం తిరిగాడు. మెడ ఒక్కటే తిప్పడం ఆయనకు రాదు.

“తాతా, అప్పట్లో పటిక కలిపి నీళ్లు బాగుచేసేవాళ్లంట కదా?” అని అడిగాను.

“చెప్పిన్రు బిడ్డా. కొన్నొద్దులు కలిపినం. పొద్దుగాల కూలికి పోవాలె. నీళ్లు కలిపి, అవి తేరేదాంక గంటసేపు కూసుంటే పని ఎవలు జేస్తరు? నీళ్లు గూడ ఒక తీరుగ ఉంటుండె.”

నా ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికింది. మిగతా సగం కెమిస్ట్రీ. పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ మీద, క్షారగుణం మీద ఆధారపడుతుంది. ఈ బోరుకో లెక్క, ఆ బోరుకో లెక్క. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే అల్యూమినియం మిగులుతుంది. అడుగున పేరుకున్న మడ్డిని రోజూ ఎక్కడో పారబోయాలి. ఊరందరికీ కలిపి ప్లాంట్ పెట్టినా దాన్ని నడిపే మనిషి, ఆ మనిషికి నెలనెలా జీతం కావాలి.

మా ఆఫీస్ భాషలో చెప్పాలంటే, కోడ్ బాగానే రాశారు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే లేచి చూసే మనిషినే పెట్టలేదు.

480 మంది అభ్యర్థులు

జనం ఊరుకోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఒక్క నల్గొండ స్థానానికే 480 మంది పోటీ చేశారు. వాళ్లలో ఎక్కువమంది తమ నీళ్ల గోస దేశానికి తెలియాలని నామినేషన్ వేసినవాళ్లే. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయ్యింది. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ని 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. డిపాజిట్ పెరిగినంత వేగంగా నీళ్లు మాత్రం రాలేదు.

తర్వాత కొన్ని ఊళ్లకు కృష్ణా నీళ్లు పైపుల్లో అందాయి. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథతో నల్లాలు ఇంటింటికీ వచ్చాయి. పటిక కలిపే పని లేదు, గంట ఆగే పని లేదు. నల్లా తిప్పితే చాలు. జనం మీద రోజువారీ బరువు పెట్టని ఉపాయమే నిలబడింది.

గులాబీ, పసుపు

వెంట ఒక ఫ్లోరైడ్ టెస్ట్ కిట్ తీసుకెళ్లాను. ఆ ఊళ్లోనే ఒక అక్క వాళ్లింట్లో నల్లా నీళ్లు ఒక ట్యూబ్‌లో, బోరు నీళ్లు ఇంకో ట్యూబ్‌లో పోసి రెండింట్లో చుక్కలు వేశాం. నల్లా నీళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి. బోరు నీళ్లు పసుపుకి తిరిగాయి. పసుపైతే ఫ్లోరైడ్ ఎక్కువని గుర్తు.

“తాగుడు నల్లా నీళ్లే తాగుతం. నల్లా రాని నాడు వంటకు బోరువే” అంది అక్క. ట్యూబ్ చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, “మసిలిస్తె గూడ పోదా?” అని అడిగింది.

పోదు. మరిగేకొద్దీ నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. అన్నం, పప్పు ఆ నీళ్లనే పీల్చుకుంటాయి. విన్నాక ఆమె వంటకని ఒక బిందె నల్లా నీళ్లు విడిగా మూతపెట్టి పొయ్యి పక్కన పెట్టింది. 1937లో మొదలైన పరిశోధనకు ఆ ఇంట్లో మిగిలిపోయిన ఆఖరి మెట్టు ఆ బిందే అనిపించింది నాకు.

ఇంకో మాట కూడా చెప్పొచ్చాను. రోజూ 10 గ్రాముల చింతపండు 18 రోజులు తిన్న స్కూలు పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయినట్టు పోషకాహార సంస్థ పరిశోధనలో తేలింది. మన పచ్చిపులుసుకి మంచి పేరే. కానీ అది సాయం మాత్రమే, మంచి నీళ్లకు బదులు కాదు. ఒకసారి వంగిన ఎముకను అది తిన్నగా చేయలేదు.

ఇది నల్గొండ ఒక్కదాని గొడవ అనుకోకండి. హైదరాబాద్ కూడా గ్రానైట్ మీదే ఉంది, మన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి బోరే ఆధారం. మీ బోరు నీళ్లను ఒకసారి ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఊళ్లలో అయితే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లు ఉన్నాయి. రిపోర్ట్ వచ్చాక టీడీఎస్ దగ్గరే ఆగిపోకుండా ఫ్లోరైడ్ అన్న వరుస చూడండి. అక్కడ 1 దాటి ఉంటే, ఆ నీళ్లు తాగడానికే కాదు, వంటకు కూడా వద్దని ఇంట్లో చెప్పండి.