ఫోన్ అంచులో ఏముంది?
మా కొల్లూరులో ముగ్గురం ఒకే ఫోన్‌తో చదువుకున్నాం. అది కింద పడి డిస్‌ప్లే పోయింది. తెనాలిలో రిపేరుకిస్తే, విప్పినప్పుడు చూశాం. తెర కింద నల్ల అంచు ఉత్త ఖాళీ అనుకునేవాళ్లం. కాదు, లక్షల చుక్కల్ని వెలిగించే చిప్పు, సన్న తీగలు అక్కడే ఉన్నాయి. అంచు తగ్గించాలంటే వాటికి వేరే చోటు చూపాలి. 2017లో ఐఫోన్ టెన్‌కి వంగే తెర తీసుకుని, కింది కొసని వెనక్కి మడిచేశారు. అంచు తగ్గింది, ఖర్చు పెరిగింది. మన శ్రీసిటీలో 2015 నుంచే షావోమీ ఫోన్లు బిగించారు. మనోళ్లు బిగించే పనికి వెళ్తే మంచిదే. కానీ ఆ అంచు ఎలా ఉండాలో గీసే పనికీ వెళ్లాలి. పాలిటెక్నిక్‌లో, ఇంజనీరింగ్‌లో బ్రాంచి ఎంచుకునేటప్పుడు ఎలక్ట్రానిక్స్ గురించీ ఆలోచించండి. ఊరి అంచున బతికేవాళ్లం, అంచులో ఎంత పని జరుగుద్దో మనకి తెలుసు.