ఇరుకు కళ్ళం

2013లో పరిశోధన వ్యాసం సమర్పించడానికి రెండు నెలల గడువుండగా నా పాత ల్యాప్‌టాపు మొరాయించింది. వర్షపాతానికీ పంట దిగుబడికీ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టడం నా పని. 50 లక్షల అడ్డు వరుసలు, 60 నిలువు వరుసలు ఉన్న పట్టిక అది. దాన్ని ‘ఆర్’ అనే గణాంక సాఫ్టువేరుకు అప్పగించి పడుకుంటే, తెల్లవారి లేచేసరికి కూడా లెక్క తేలేది కాదు.

యంత్రం పాతబడిందనీ, కొత్తది కొనక తప్పదనీ తీర్మానించుకున్నాను. ఇంటి పైకప్పు బాగుచేయించడానికి దాచిన సొమ్మును నాన్నగారు మారుమాట లేకుండా నా చేతిలో పెట్టారు. పాతదానిలో కోర్లు రెండు, మెమరీ 4 జీబీలు. కొత్త డెస్క్‌టాపులో కోర్లు ఎనిమిది, మెమరీ 8 జీబీలు. నాలుగు రెట్ల వేగం ఖాయమనుకున్నాను.

రాలేదు. పనితీరు చూపే తెరమీద ఎనిమిది గీతల్లో ఒక్కటే కదులుతోంది, అదీ ఆగి ఆగి. హార్డుడిస్కు దీపం మాత్రం ఆరకుండా వెలుగుతోంది.

కొనకముందు వేయవలసిన లెక్కను అప్పుడు కాగితం మీద వేశాను. ఆర్ సాధారణంగా పట్టిక మొత్తాన్నీ మెమరీలోకి తెచ్చుకుంటుంది. ఒక్కొక్క దశాంశ సంఖ్యకు 8 బైట్లు కావాలి. 50 లక్షలను 60తోనూ, మళ్ళీ 8తోనూ గుణిస్తే 2.4 జీబీలు. లెక్క మధ్యలో పట్టికకు నకళ్ళు కూడా పుడతాయి. మూడు ప్రతులయితే 7.2 జీబీలు. ఇక మిగతా వ్యవస్థకు చోటేది? చోటు చాలనప్పుడు యంత్రం హార్డుడిస్కునే అరువు మెమరీగా వాడుకుంటుంది. తిరిగే డిస్కు నుంచి ఒక ముక్క తేవడానికి, మెమరీ నుంచి తేవడానికి పట్టే కాలానికి దాదాపు లక్ష రెట్లు పడుతుంది. మెమరీకి ఒక సెకను అనుకుంటే, డిస్కుకు ఒక రోజు పైమాటే. పైగా ఆర్‌లో చాలా పనులు, ప్రత్యేకంగా పురమాయిస్తే తప్ప, ఒకే కోరు మీద సాగుతాయి. మిగిలిన ఏడూ ఊరికే కూర్చున్నాయి.

నిజానికి నా సూత్రానికి కావలసినవి 60లో 8 నిలువు వరుసలే. వాటిని విడదీసి దాచుకుంటే పట్టిక 320 ఎంబీలకు దిగింది. కాఫీ కలుపుకుని వచ్చేలోపు లెక్క తేలింది. మనసు ఊరుకోక అదే పని పాత ల్యాప్‌టాపులోనూ చేయించాను. అక్కడా తేలింది. ఆ కాఫీ తాగడం పూర్తయింది, అంతే తేడా.

మంచి హార్డువేరు దండగని నా ఉద్దేశం కాదు. పెద్ద మాత్రికలను గుణించేటప్పుడు ఓపెన్‌బ్లాస్ వంటిది తోడైతే కోర్లన్నీ పనిలోకి దిగుతాయి. ఒకే లెక్కను వేయిసార్లు తిరగేసే బూట్‌స్ట్రాప్ వంటి పద్ధతుల్లో పనిని కోర్లకు పంచవచ్చు. ఇరుకు ఎక్కడుందో తెలిశాకే ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో తెలుస్తుంది.

ఆ వారం నాన్నగారు ఫోను చేసి, “ఏరా, కొత్త మిషను బాగా పనిచేస్తోందా?” అని అడిగారు. చేస్తోందన్నాను. అది అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. వర్షపాతం మీద నా వ్యాసం సమర్పించిన ఆ వానాకాలంలోనే మా ఇల్లు కురిసింది. అమ్మ నడవ పొడుగునా గిన్నెలు పెట్టింది.

మరుసటి ఏడు పైకప్పు నేనే వేయించాను. ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పాను. కంప్యూటరును తాకి ఎరుగని నాన్నగారు శ్రద్ధగా విని, “కళ్ళం ఇరుకైతే కూలీలను పెంచి ఏం లాభంరా? మోపులు తగ్గించుకోవాలి గానీ” అన్నారు.

సొమ్ము అడగడానికి వెళ్ళిన రోజునే ఆయన్ను సలహా కూడా అడిగి ఉండవలసింది.