శబరి ఎగువకు

మా ఊరు కూనవరం. శబరి వచ్చి గోదావరిలో కలిసేది మా దగ్గరే. వానాకాలంలో రేవులో నిలబడితే గోదావరి ఎర్రగా, శబరి నల్లగా కాసేపు పక్కపక్కనే నడిచేవి. నాకు తెలిసిందల్లా ఆ చివరి ముక్కే. మిగతా నది ఎలా ఉంటుందో చూడాలని ఎన్నేళ్లుగానో అనుకుని, ఒక మార్చి నెలలో బండి వెనక చిన్న గుడారం, దుప్పటి, గిన్నె, రెండు రోజుల బియ్యం కట్టుకుని ఒక్కణ్నే బయల్దేరాను. కోరాపుట్ జిల్లా సింకారం కొండల్లో అది పుట్టిన చోటికి చేరాలని నా లెక్క. అక్కడ దాని పేరు కొలాబ్.

చింతూరు దాకా తెలిసిన దారే. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి ముందుకు పోలేక వెనక్కి తన్నింది. మేం దాన్ని ఎగపోటు అంటాం. ఆ నీటి చార కొన్ని గోడల మీద ఇంకా పోలేదు. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ అంకె మా పిల్లలకు ఎక్కాలతో పాటు వచ్చు. 2014లో ముంపు మండలాలను ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు మా ఇంటికొచ్చి అడిగినవాళ్లెవరూ లేరు.

కుంట దగ్గర మూడు రాష్ట్రాలు కలుస్తాయి. అవతలి ఒడ్డున మోటు, అక్కడే సీలేరు వచ్చి శబరిలో పడుతుంది. అక్కణ్నుంచి పైకి చాలా దూరం శబరే సరిహద్దు: ఎడమ ఒడ్డు ఒడిశా, కుడి ఒడ్డు ఛత్తీస్‌గఢ్. రోడ్డు కుడి ఒడ్డున సాగుతుంది. ఇంజరం, ఎర్రబోరు. పేర్లు మన ఊళ్ల పేర్లలాగే ఉంటాయి. 2006 జులైలో ఎర్రబోరు నిర్వాసితుల శిబిరం మీద మావోయిస్టులు రాత్రిపూట పడి నిద్రలో ఉన్న జనాన్ని చంపారు. అక్కడ బండి ఆపబుద్ధి కాలేదు.

ఎదురుగా వచ్చే వ్యాన్ల నిండా మనుషులే. ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు, మూటలు, గిన్నెలు. మిర్చి కోతలకు ఖమ్మం వైపు పోతున్నారు.

దోర్నపాల్ చేరేసరికి పొద్దు వాలింది. చెక్‌పోస్టులో జవాను నా సంచులు విప్పించి చూసి, అడవిలో పడుకోవద్దనీ, ఊళ్లోనే ఉండమనీ గట్టిగా చెప్పాడు. ఒక పెద్దాయన్ని అడిగితే తన ఇంటి ముందు చింతచెట్టు కింద వేసుకోమన్నాడు. గుడారం మేకులు దిగ్గొడుతుంటే పక్కింటి ముసలామె వచ్చి చాలాసేపు చూసింది. కోయ కలిసిన తెలుగులో అడిగింది.

"మీ ఊళ్లో ఏమైంది బాబూ?"

నాకు అర్థం కాలేదు. ఆమె గుడారం వైపు చెయ్యి చూపించింది. అప్పుడు అర్థమైంది. ఊరు పోయినవాడే కదా గుడారంలో పడుకుంటాడు. ఊరికే తిరగడానికి వచ్చానని చెప్పడానికి నోరు రాలేదు.

"ఇంకా ఏమీ కాలేదవ్వా. నీళ్లొస్తాయంటున్నారు."

ఆమె తలూపి నా పక్కనే కూర్చుంది.

2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా మొదలైన సల్వాజుడుం, దంతెవాడ జిల్లాలో వందల ఊళ్లను ఖాళీ చేయించింది. సుక్మా అప్పటికి వేరే జిల్లా కాలేదు. రోడ్డు పక్కన వెలిసిన శిబిరాల్లో దోర్నపాల్‌ది చాలా పెద్దది. 'వస్తే మాతో, రాకపోతే వాళ్లతో' అన్నట్టు మనుషుల్ని రెండుగా చీల్చారు. రానివాళ్లు అడవి దాటి మన వైపు వచ్చి గుత్తికోయలయ్యారు. ఇక్కడ గిరిజనుడైనవాడికి అక్కడ గిరిజనుడన్న కాగితం పుట్టదు, పోడు కొట్టుకుంటే గుడిసె నిలవదు. నది ఒకటే, మనుషులొకటే, కాగితం మాత్రం వేరు. ఇది నాకు మింగుడు పడదు.

2011 మార్చిలో తాడ్‌మెట్ల, తిమ్మాపురం, మోరపల్లి గ్రామాల్లో ఇళ్లు తగలబడ్డాయి. ఆ ఊళ్లవాళ్లకు సాయం పట్టుకుని బయల్దేరిన సామాజిక కార్యకర్త స్వామి అగ్నివేశ్ మీద ఈ దోర్నపాల్‌లోనే దాడి జరిగింది. అదే ఏడాది జులై 5న సుప్రీంకోర్టు, గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా దింపడం రాజ్యాంగవిరుద్ధమంది. తీర్పు వచ్చింది. మరి శిబిరంలో ఉన్నవాళ్లను ఇంటికి చేర్చాల్సిందెవరు? శిబిరం మెల్లగా బస్తీ అయింది. తాటాకు కప్పులు రేకులయ్యాయి. అవ్వ ఊరు జాగర్‌గొండ దారిలో ఉంది. దోర్నపాల్ నుంచి జాగర్‌గొండకు 56 కిలోమీటర్లు. ఆ దారిలో మందుపాతరలకు, ఎదురుకాల్పులకు ఎంతమంది పోయారో. 2010 ఏప్రిల్‌లో తాడ్‌మెట్ల దగ్గర 76 మంది జవాన్లు పోయింది కూడా ఆ అడవుల్లోనే. వాళ్లకూ ఎక్కడో ఒక ఊరు ఉండే ఉంటుంది.

"ఊళ్లో మూడు ఇప్పచెట్లు మావి," అంది అవ్వ. "ఇప్పుడు రాలే కాలం. ఎవరేరుతున్నారో."

రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి చూస్తే ఆమె బుట్ట పట్టుకుని బయల్దేరుతోంది. వెంట నడిచాను. బస్తీ చివర ఎవరిదో ఒక చెట్టు కింద ఆకులు కాల్చి శుభ్రం చేసి ఉంది. నేల నిండా పసుపుపచ్చ పూలు. ఇద్దరం వంగి ఏరాం. బుట్ట సగం నిండింది.

సింకారం ఇంకా చాలా దూరం. సుక్మా కూడా చూడలేదు. గుడారం మడత పెట్టి కట్టుకుంటుంటే అవ్వ గుప్పెడు పూలు నా గిన్నెలో పోసింది. బండి దక్షిణానికి తిప్పాను. ఇంటి వెనక మా ఇప్పచెట్టు కిందా రాలుతుంటాయి ఇప్పుడు.