బండి కొన్నాము, ఎడ్లను వెతికాము

పోయిన నెల మన సంఘం భోజనాల దగ్గర ముగ్గురు మిత్రులు విడివిడిగా వచ్చి ఒకే ప్రశ్న వేశారు. “మీరు కారవాను కొన్నారట కదా, దాన్ని లాగడానికి ఏ కారు మంచిదండీ?” అని. ముగ్గురికీ మూడు రకాలుగా చెప్పాము. తీరా ఇంటికి వచ్చాక ఒక్కరికీ సరిగా చెప్పలేదని మాకే అనిపించింది. ఒక చేత్తో పులిహోర పళ్ళెం పట్టుకుని చెప్పే సంగతి కాదు ఇది. అందుకని కాగితం మీద పెడుతున్నాము. ఇందులో మా తెలివి కొంచెం, మా పొరపాట్లు మెండు. చదువరులు మన్నించాలి.

మేమిద్దరం గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్నవాళ్ళమే. ఇప్పుడు ఒకరు మత్తు డాక్టరు, ఒకరు జి.పి. శిక్షణలో ఉన్నారు. కాపురం వుల్వర్‌హాంప్టన్‌లో. పిల్లలిద్దరికి ఎనిమిదేళ్ళు, ఐదేళ్ళు. కిందటి ఏప్రిల్‌లో అద్దంకి దగ్గరి పల్లె నుంచి నాన్నగారూ, అమ్మా వచ్చారు. మాలో ఒకరికి వారు మామగారూ అత్తగారూ అవుతారు గాని, ఇక్కడ ఇద్దరమూ నాన్నగారు, అమ్మ అనే రాస్తాము.

వారు అంతకు ముందు 2022లో ఒకసారి వచ్చి ఆరు నెలలున్నారు. ఆ ఆరు నెలలూ మా నైట్ డ్యూటీలతో, పరీక్షలతో గడిచిపోయాయి. తిరిగి వెళ్ళేనాడు బర్మింగ్‌హామ్ విమానాశ్రయంలో నాన్నగారు నవ్వుతూనే, “మీ దేశంలో మీ ఇంటి వెనక గోడ మాత్రం బాగా చూశానర్రా” అన్నారు. ఆ మాట మమ్మల్ని రెండేళ్ళు వదల్లేదు. ఆయనకిప్పుడు డెబ్బయి రెండు. షుగరుంది. మళ్ళీ ఎప్పుడు రాగలరో, అసలు రాగలరో లేదో, డాక్టర్లం కనుక ఆ లెక్క మాకు మిగతావారికంటే బాగానే తెలుసు.

ఈసారి దేశం చూపించాలి. ఎలా? నాన్నగారు రాత్రి మూడుసార్లు లేవాలి. చిన్న హోటళ్ళలో మెట్లు, వరండా చివర బాత్‌రూము. అమ్మ బయటి వంట ముట్టదు. గుడారమంటే ఇద్దరికీ మోకాళ్ళు వంగవు. సొంత వంటిల్లు, సొంత పాయిఖానా వెంట తీసుకుపోయే సాధనం ఒక్కటే కనిపించింది. మా ఆసుపత్రిలో రిటైరవుతున్న ఒక సిస్టరు తన నాలుగు పడకల చిన్న కారవాను అమ్ముతానంటే వెంటనే కొనేశాము. పెద్దలూ పిల్లలూ లోపల, మేము పక్కన కట్టే ఆనింగులో పడుకుంటామని ఏర్పాటు. టైర్లు కొత్తవిలా నిగనిగలాడుతున్నాయి. కాని టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. చూస్తే తొమ్మిదేళ్ళ నాటివి. కారవాను ఎక్కువ కాలం నిలబడే ఉంటుంది గనుక టైరు అరగదు, లోపల పాతబడుతుంది. అవి మార్చాము. అంతవరకు బాగానే చేశాము.

కారు సంగతి ఆలోచించింది ఆ తరువాత. బండి కొని, ఎడ్లున్నాయో లేవో అప్పుడు చూసుకున్నామన్నమాట.

మా దగ్గర ఒక హైబ్రిడ్ కారు ఉండేది. పేరెందుకులెండి, మంచి కారే. ఈ దేశపు కారవాను క్లబ్బులవారు కొత్తవారికి ఒక సలహా చెబుతారు: నిండా సామానుతో కారవాను బరువు, ఖాళీ కారు బరువులో నూటికి 85 దాటకూడదని. మా కారు 1,400 కిలోలు. అందులో 85 శాతం 1,190. కారవాను హద్దు 1,200. పది కిలోలే కదా, అమ్మ పచ్చడి జాడీలు రెండు తగ్గిస్తే సరి అనుకుని, కొక్కెం బిగించే అతని దగ్గరకు వెళ్ళాము. అతను కారు తలుపు తీసి, అంచున అతికించిన పలక చూసి, తలుపు మళ్ళీ వేసేశాడు. “ఇది దేన్నీ లాగడానికి అనుమతి లేని కారు, డాక్టర్” అన్నాడు.

మిత్రులారా, ఆ పలక దగ్గర కాస్త ఆగాలి. దాని మీద మామూలుగా నాలుగు బరువులుంటాయి. మొదటిది మనుషులు, సామానుతో కలిపి కారు మోయగల మొత్తం. రెండోది కారూ, వెనక లాగే బండీ కలిపి ఉండదగిన మొత్తం. మిగతా రెండూ ముందు ఇరుసు మీదా, వెనక ఇరుసు మీదా పడదగినవి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే లాగగల బరువు తేలుతుంది. రెండో అంకె లేకపోతే ఆ కారు లాగకూడదనే అర్థం. 85 శాతం అన్నది అనుభవజ్ఞుల సలహా మాత్రమే, పలక మీది అంకెలు చట్టం. మేము సలహా చదివి చట్టం చూడలేదు. దాటితే పోలీసు కేసు ఒకటి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువారు చేతులెత్తేయడం ఒకటి.

లైసెన్సు విషయంలో మాత్రం అదృష్టం కలిసివచ్చింది. 1997 జనవరి 1 తరువాత కారు పరీక్ష ప్యాసైనవారు ఇలాంటి బరువులు లాగాలంటే చాలా సందర్భాల్లో మరో పరీక్ష ఇవ్వవలసి వచ్చేది. ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండులలో 2021 డిసెంబరు 16 నుంచి అది తీసేశారు. మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల ట్రెయిలరు దాకా లాగవచ్చు. పరీక్ష పోయింది గాని, పరీక్ష కోసం నేర్చుకోవలసినది ఎక్కడికీ పోలేదని మాకు మే నెలలో తెలిసింది. ఆ కథ ముందుంది.

ఇక ఎడ్ల వేట. మేము ఆరుగురం. నడుస్తున్న కారవానులో ఎవరూ కూర్చోకూడదు, చట్టం ఒప్పదు. కాబట్టి ఏడు సీట్ల కారు కావాలి. మూడో వరుసలో పిల్లలు కూర్చుంటే వెనక సామానుకు చోటుండదు, సామానంతా కారవానులోకే పోతుంది. ఈ మెలిక చాలామంది చూడరు. ఎలక్ట్రిక్ కార్లు కూడా చూశాము. బలానికి లోటు లేదు, కాని కారవాను తగిలిస్తే ఒక్క చార్జీతో వెళ్ళే దూరం దాదాపు సగానికి పడిపోతుంది. చార్జింగు చోట్ల చాలావాటిలో కారవాను విప్పి పక్కన పెడితే గాని కారు పట్టదు. షుగరున్న పెద్దమనిషితో ఆ పని దారిలో రెండుసార్లు చేయలేమనిపించింది. చివరికి డీజిలే మిగిలింది. అందులోనూ ఒక మెలిక. మాలో ఒకరి డ్యూటీ బర్మింగ్‌హామ్ నడిబొడ్డున. యూరో 6 కాని డీజిలు కారుకు అక్కడ 2021 జూన్ నుంచి రోజుకు 8 పౌన్లు సుంకం. 2015 సెప్టెంబరు నుంచి అమ్మిన కొత్త కార్లన్నీ యూరో 6 కనుక, అంతకన్నా పాతవి చూడదలచుకోలేదు.

కోడియాక్, సొరెంటో, గెలాక్సీ అన్నీ తిరిగి తిరిగి, సెకండ్ హ్యాండ్ సియట్ అల్హంబ్రా ఒకటి తీసుకున్నాము. ఖాళీ బరువు 1,800 కిలోలకు అటూ ఇటూ. అంటే మా కారవాను దానిలో మూడింట రెండు వంతులే. అందరూ అదే కొనాలని మేమనడం లేదు. ఇద్దరే ఉండే దంపతులకు అంత కారు దండగ. పాత కారు అమ్మగా తక్కువపడిన డబ్బు మాత్రం ఇండెఫినిట్ లీవ్ ఫీజులకని దాచినదానిలోంచి తీశాము. నలుగురి ఫీజు ఎంతవుతుందో ఈ పత్రిక చదివేవారికి చెప్పనక్కరలేదు. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. అమ్మకూ నాన్నగారికీ ఆ మాట చెప్పలేదు. ఇప్పుడు పత్రిక వాళ్ళ దాకా పోదనే ధైర్యంతో రాస్తున్నాము.

మే నెల చివర, పిల్లల సెలవుల్లో డెవన్ బయలుదేరాము. మా కారవాను ఖాళీగా 1,050 కిలోలు, హద్దు 1,200. అంటే సామానుకు 150. బ్యాటరీ 22, గ్యాసు సిలిండరు 15, చక్రాలు తిప్పే మోటారు 30, ఆనింగు 25. ఇవి పోగా మిగిలేది 58 కిలోలు. అందులో ఆరుగురి బట్టలు, బియ్యం, పప్పులు, కుక్కరు, గ్రైండరు. అది చాలదన్నట్టు అమ్మ 40 లీటర్ల పీపా నిండా మా ఇంటి నీళ్ళు పట్టించి వెనక బాత్‌రూములో పెట్టించింది. “తెలియని ఊళ్ళో నీళ్ళుంటాయో లేదో” అంది. వేసవిలో మా పల్లెలో పెరిగినవారెవరూ ఆ మాట కాదనలేరు. మేమూ కాదనలేదు.

నాన్నగారు వాకిట్లో నిలబడి కారవాను చుట్టూ ఒకసారి తిరిగారు. ముందు కొక్కేన్ని రెండు చేతులతో కాస్త ఎత్తి చూసి, “బండి వెనక్కి మొగ్గుతోందిరా. ముందుకు కొంచెం సర్దండి” అన్నారు. “అది ఎడ్లబండి కాదు నాన్నా, స్టెబిలైజరుంది” అన్నాము. ఆయన ఇంకేమీ అనకుండా కారెక్కి కూర్చున్నారు.

ఎం5 మీద ఊస్టరు దాటాక దారి పల్లానికి దిగుతోంది. కారవానుతో మోటారువే మీద హద్దు 60 మైళ్ళు, మూడు వరుసల దారిలో కుడి చివరి వరుసలోకి పోకూడదు. మేము ఆ రెండూ పాటిస్తూనే ఉన్నాము. ఒక పెద్ద కోచి మమ్మల్ని దాటుకుని పోయింది. దాని గాలికి కారవాను ముందు అటు తోసింది, తరువాత ఇటు లాగింది. మళ్ళీ అటు, ఈసారి ఎక్కువగా. అద్దంలో చూస్తే వెనక తోక ఊపుతున్నట్టుంది. కారు వెనక చక్రాలు మన మాట వినడం మానేశాయి. వెనక వరుసలో పిల్లలు నవ్వుతున్నారు, ఆట అనుకుని. స్టీరింగు దగ్గర ఉన్న మత్తు డాక్టరుగారి కాలు బ్రేకు మీదకు పోయి, తొక్కకుండా ఆగింది. గట్టిగా బ్రేకు వేస్తే వెనక బండి వచ్చి ముందుదాన్ని మడిచేస్తుంది. హైవే కోడు చెప్పేది కూడా అదే: ఆక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీసి వేగం నెమ్మదిగా తగ్గనివ్వాలి. స్టీరింగు నిటారుగా పట్టుకుని అలాగే చేశాము. ఎంతసేపో చెప్పలేము. ఆపరేషన్ థియేటరులో మానిటరు మోగుతున్నప్పుడు క్షణాలు ఎలా సాగుతాయో అలా సాగాయి. 45 మైళ్ళకు దిగాక ఊపు ఆగింది.

స్ట్రెన్షమ్ సర్వీసెస్‌లో ఆపాము. చేతులు వణుకుతున్నాయి. నాన్నగారు దిగి, “మీకు తెలియదు గదా అని ఊరుకున్నాను, అది నా తప్పు” అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

తరువాత చెప్పారు. రెండు చక్రాల బండి తక్కెడ లాంటిది. వెనక బరువు పడితే కాడి ఎడ్ల మెడ మీంచి పైకి లేస్తుంది, మెడకు పలుపు బిగుస్తుంది, ఎడ్లకు పట్టు దొరకదు. మరీ ముందుకు పడితే మెడ కుంగిపోతుంది. ఎడ్లు ఎంత బలమైనవైనా ఇరుసు మీద బరువు పెట్టి, కాడి మీద కొంచెం మాత్రం ఉండేట్టు సర్దుకోవాలి. ఇంగ్లీషువారు కొక్కెం మీద పడవలసిన ఈ బరువును లెక్కకట్టి, కారవాను బరువులో 5 నుంచి 7 శాతం అన్నారు. మాకైతే 60 నుంచి 84 కిలోలు. కారుకు కూడా ఇందులో తన హద్దు ఉంటుంది, కొనేముందు అది కూడా చూసుకోవాలి. మేము నాన్నగారి బరువు చూడడానికి తెచ్చిన తూకాన్ని ముందు చిన్న చక్రం కింద పెట్టి చూశాము. సుమారు 35. ఒంగోలు ఎడ్ల లాంటి కారు కొని కాడి సరిగా పెట్టలేదు.

పీపా నీళ్ళు నాన్నగారే పార్కింగు అంచున మొక్కల మొదట్లో పోసేశారు. అమ్మ అటు తిరిగి నిలబడింది. గ్రైండరూ బియ్యమూ తెచ్చి ఇరుసు మీదికి, నేల మట్టాన పెట్టాము. మళ్ళీ తూస్తే 70. అక్కణ్ణించి డెవన్ దాకా 50 దాటలేదు. వెనక లారీలవాళ్ళు ఏమనుకున్నారో మేము పట్టించుకోలేదు.

డార్ట్‌మూర్‌లో నాలుగు రోజులు. నాన్నగారు గడ్డి నేలల్లో గుర్రాల్నీ, గొర్రెల్నీ చూస్తూ నడిచారు. అమ్మ గోంగూర పచ్చడి వాసనకు పక్క కారవాను దంపతులు వచ్చి అన్నం తిని పోయారు. తిరుగు దారిలో చెడర్ దగ్గర కారవాను ఆపి ఒకరోజు బ్రిస్టల్ వెళ్ళాము. అక్కడి ఎం షెడ్ మ్యూజియంలో ‘వాండరర్’ ఉంది. గోర్డన్ స్టేబుల్స్ అనే ఆయన 1885లో బ్రిస్టల్‌లోనే కట్టించుకున్న విహార కారవాను అది. ఆయన కూడా మనలాగే డాక్టరే, నౌకాదళంలో సర్జనుగా చేసి, తరువాత పిల్లల కథలు రాసినాయన. బెర్క్‌షైర్ నుంచి స్కాట్లండులో ఇన్వర్నెస్ దాకా రెండు గుర్రాలతో పోయాడు. నాన్నగారు దాని చుట్టూ కూడా తిరిగి చూశారు. “నాలుగు చక్రాలు గదా, దీనికి గుర్రాలు లాగితే చాలు, మోయక్కర్లేదు. ఆయన మీకంటే తెలివైనవాడు” అన్నారు.

వారు అక్టోబరులో వెళ్ళిపోయారు. ఈసారి విమానాశ్రయంలో గోడ మాట రాలేదు. కారవాను బ్రిడ్జ్‌నార్త్ దగ్గర ఒక రైతు దొడ్లో ఉంది. నాన్నగారు ప్రతి ఆదివారం ఫోనులో పిల్లల సంగతి, మా డ్యూటీల సంగతి అడిగి, చివర “బండి చక్రాల్లో గాలి చూశారా?” అంటారు. పోయిన ఆదివారం వెళ్ళి చూశాము. ఎడమ టైరులో నాలుగు పౌన్లు తగ్గింది. ఆ మాట చెబితే, “అనుకున్నాను” అన్నారు.