పోయే గాలి, వచ్చే గాలి

మా అమ్మ పుట్టి పెరిగిన పెంకుటింట్లో వంటింటి కప్పుకు ఒక పొగగూడు ఉండేదట. కట్టెల పొయ్యి రాజేస్తే పొగ అందులోంచి పైకి పోయేది. పెరటి తలుపు మాత్రం వంటయ్యేదాకా బార్లా తెరిచి ఉండవలసిందే. పొగగూడు సంగతి చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను. పెరటి తలుపు ఎందుకు తెరిచేవారో మాత్రం ఎన్నడూ అడగలేదు.

హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటులోకి మారిన ఏడాది అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. పోపు వేస్తే చాలు, ఆమెకు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. చూడలేక చిమ్నీ కొని బిగించాను. గంటకు 1200 ఘనపు మీటర్ల గాలిని లాగుతుందని పెట్టె మీద రాసి ఉంది. ఆ అంకె చూసిన ధీమాతో కిటికీలన్నీ మూయించి, "ఇక దుమ్మూ రాదు, దోమా రాదు" అన్నాను.

"వచ్చే దారి లేకపోతే గాలి ఎట్లా పోతుందిరా?" అంది అమ్మ. నవ్వి ఊరుకున్నాను.

డిసెంబరులో ఒక ఉదయం. చలికి వాష్ ఏరియా అద్దాలు కూడా మూసి ఉన్నాయి. అక్కడే గ్యాస్ గీజరు వెలుగుతోంది, వంటింట్లో చిమ్నీ హోరెత్తుతోంది. అమ్మ గట్టును పట్టుకుని, "తల తిరుగుతోందిరా" అంటూ కూలబడింది. పొయ్యీ గీజరూ ఆపి, ఆమెను బాల్కనీలోకి నడిపించుకు వెళ్ళాను. కాసేపటికి తేరుకుంది. వైద్యుడు పరీక్షించి భయం లేదన్నాడు గానీ, ఆ గీజరును మళ్ళీ వెలిగించవద్దని గట్టిగా చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంజనీరయిన మిత్రుడొకడు వచ్చి, గీజరు వెలిగించకుండానే, ఒక అగరువత్తిని దాని పొగగొట్టం దగ్గర పట్టుకున్నాడు. కిటికీలు మూసి చిమ్నీ వేస్తే అగరు పొగ గదిలోకి మళ్ళింది. హాలు కిటికీ తెరవగానే గొట్టంలోకి దారి తీసింది. అతడు వేరే ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

తరువాత కాగితం తీసుకుని లెక్క వేశాను. మా వంటిల్లు పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు. అంటే 720 ఘనపుటడుగులు, సుమారు 20 ఘనపు మీటర్లు. పెట్టె మీది అంకె నిజమే అయితే నిమిషానికి ఒక వంటింటెడు గాలి బయటికి పోతుంది. గొట్టం మలుపులూ, జల్లెడకు పట్టిన జిడ్డూ అందులో కొంత తగ్గిస్తాయనుకున్నా, పోయినంత గాలీ ఎక్కడినుంచో రావలసిందే. కిటికీలు మూస్తే తలుపు సందుల్లోంచి వస్తుంది, అదీ చాలకపోతే గీజరు గొట్టంలోంచి వస్తుంది. అప్పుడు బయటికి పోవలసిన విషవాయువు ఇంట్లోకే తిరిగివస్తుంది. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మా అమ్మకు తల తిరగడమే మాకు అందిన హెచ్చరిక.

గీజరు తీయించి విద్యుత్తుది పెట్టించాను. ఏ కిటికీ తెరవాలో కూడా అప్పుడే తెలిసింది. పొయ్యి పక్కది తెరిస్తే అడ్డగాలికి ఆవిరి చిమ్నీకి అందకుండానే చెదిరిపోతుంది, మంట కూడా నిలవదు. దూరంగా ఉన్న హాలు కిటికీ తెరిస్తే గాలి ఇల్లంతా నడిచి వంటింటికి చేరుతుంది. పోపు వాసన హాలులోకి రావడం కూడా దానితో ఆగిపోయింది. వంట ముగిశాక మరో పది నిమిషాలు చిమ్నీని తిరగనిచ్చి ఆపుతాం. తక్కిన వేళల్లో పైనున్న వెంటిలేటరు, కిందనున్న జాలీ తమ పని తాము చేసుకుపోతాయి.

ఆ కింది జాలీని మూసేద్దామని కూడా ఒకప్పుడు అనుకున్నాను. వంటగ్యాసు గాలికన్నా బరువైనది. కారితే నేలబారున పరుచుకుంటుంది. పైనున్న చిమ్నీకి అది అందదు సరికదా, మీట నొక్కితే పుట్టే నిప్పురవ్వే కొంప ముంచవచ్చు. అప్పుడు మీటల జోలికి పోకుండా సిలిండరు కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరవడమే దారి.

ఇప్పుడు అమ్మ పొద్దున్నే ముందుగా హాలు కిటికీ తెరుస్తుంది, ఆ తరువాతే చిమ్నీ మీట నొక్కుతుంది. దగ్గు పూర్తిగా పోలేదు గానీ, చాలా తగ్గింది. నేను నవ్వి ఊరుకున్న మాటను ఆమె ఇంతవరకూ ఎత్తి చూపలేదు. కిటికీ రెక్క చప్పుడు వినిపించినప్పుడల్లా ఆ మాట నాకే గుర్తొస్తుంది.

మీ వంటింట్లో చిమ్నీ ఉంటే, ఈ పూట ఒక అగరువత్తి వెలిగించి చూడండి.